వచ్చే ఏడాది కొలత

పొద్దున షాపు తలుపు తీయగానే టేపక్క చేసే మొదటి పని తన టేపుని తనే కొలుచుకోవడం. కటింగ్ బల్ల అంచుకి వాళ్ళ నాన్న బిగించిన ఇనుప స్కేలు ఒకటుంది. మెడలోని టేపు తీసి దాని పక్కన పరిచి, రెండు చివరలూ బొటనవేళ్ళతో నొక్కిపెట్టి, వంగి చూస్తుంది. గుడ్డ టేపు వాడగా వాడగా సాగుతుంది. గింజంత సాగినా సరే, దాన్ని నాలుగు ముక్కలు చేసి బుట్టలో పారేసి కొత్తది మెడలో వేసుకుంటుంది. పాత ముక్కల్ని షాపులో ఎవరూ ఏరుకోరు. "అబద్ధమాడే టేపుతో కొలిస్తే కొన్న మంచం గుమ్మంలో పట్టదు" అని అందర్నీ భయపెట్టి ఉంచింది.

ఆ షాపులో స్కూలు పిల్లల యూనిఫారాలు కుడతారు. ఆవిడ అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనబడదు. చుట్టుపక్కల చదువుకున్నవాళ్ళలో సగం మందిమి చిన్నప్పుడు ఆవిడ ముందు చేతులు చాపి నిలబడ్డవాళ్ళమే. భుజం, ఛాతీ, నడుము, కాలు చకచకా కొలిచి, ఒక అడుగు వెనక్కి వేసి, కాసేపు ఊరికే చూస్తుంది. మణికట్టు ఎముక చూస్తుంది. పాదాలు చూస్తుంది. వెంట వచ్చిన తల్లి ఎత్తు చూస్తుంది, తండ్రి రాకపోతే "మీ నాన్న గుమ్మంలో వంగుతాడా?" అని అడుగుతుంది. అప్పుడు పుస్తకంలో ఒక అంకె వేస్తుంది. అది టేపు చూపించిన అంకె కాదు. ఆ పిల్ల వచ్చే ఏడాది ఎంత ఉంటుందో అది.

ఇది ఆవిడ ఎవరికీ చెప్పలేదు. దాచాలని కాదు, ఎవరూ అడగలేదు. వాళ్ళ నాన్న అందరు పిల్లలకీ ఒకటే లెక్కన రెండంగుళాలు వదిలేవాడు. ఆయన పోయిన ఏడాది, పంతొమ్మిదేళ్ళ వయసులో ఈవిడ తొలిసారి కొలతలు తీసింది. సగం ఏడాదికే ఒక తల్లి పిల్లని లాక్కొచ్చి, మోకాలికి రెండు వేళ్ళు పైకి పోయిన గౌను చూపించి నానా మాటలూ అంది. అదే ఏడాది ఇంకో పిల్లవాడు చివరి పరీక్షల దాకా ప్యాంటు చివరలు తొక్కుకుంటూనే తిరిగాడు. ఇద్దరికీ రెండంగుళాలే వదిలింది. అప్పట్నుంచి చూడటం మొదలుపెట్టింది. అయిదారేళ్ళకి ఆ చూపు కుదిరింది. కొందరికి అంగుళం, కొందరికి నాలుగు, ఒక్కోసారి ఏమీ లేదు. కటింగ్ మాస్టారు పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు కోసేవారు. బట్టలు ఏడాది పొడుగునా సరిపోయేవి. సరిపోయిన బట్ట గురించి ఎవరూ మాట్లాడరు.

తండ్రి పోయేనాటికి తమ్ముడికి ఎనిమిదేళ్ళు. కాలేజీ పుస్తకాలు తిరిగిచ్చేసి ఆవిడ షాపులో కూర్చుంది. పెళ్ళి సంబంధం వచ్చినప్పుడల్లా స్కూళ్ళు తెరిచే నెల అడ్డం పడిందని ఆవిడే నవ్వుతూ చెబుతుంది. స్కూళ్ళు ఏడాదికొక్కసారే కదా తెరుస్తారు అని ఎదురడిగినవాళ్ళు లేరు. తమ్ముణ్ణి చదివించింది. తమ్ముడు స్కూళ్ళ చుట్టూ తిరిగి ఆర్డర్లు తెచ్చాడు. మూడు మిషన్లు పదకొండయ్యాయి. ఒక గది షాపు రెండు షాపులైంది. ముప్పై తొమ్మిదేళ్ళకి తమ్ముడు పెళ్ళి చేసుకున్నాడు. పెద్ద ఆసుపత్రిలో రికార్డుల విభాగంలో ఎనిమిదేళ్ళు పనిచేసిన అమ్మాయి.

పెళ్ళయిన నాలుగో నెలలో ఒక పుస్తకం పోయింది. రెండో షాపుకి ఒక తల్లి వచ్చి పాత కొలతలతోనే కుట్టమంది. ఆ కొలతల పుస్తకం మొదటి షాపులో ఉంది. దాన్ని తీసుకుని బస్సులో బయల్దేరిన పనివాడు దిగాడు, పుస్తకం దిగలేదు. రెండు స్కూళ్ళ పిల్లల్ని మళ్ళీ వరసలో నిలబెట్టి కొలవాల్సి వచ్చింది.

"ఇలా కాదక్కా. కంప్యూటర్లు పెట్టేద్దాం. రెండు షాపులకీ చెరొకటి. రేపే కొనేస్తాను" అన్నాడు తమ్ముడు.

"కొనకండి" అంది మరదలు. గిన్నెలో చప్పుడవకుండా చెంచా పెట్టినంత మెల్లగా అంది. "ఇప్పుడు కొంటే బల్ల మీద దుమ్ము తుడవడానికి ఇంకో రెండు వస్తువులు వస్తాయి. మనం ఎక్కడెక్కడ ఆగిపోతున్నామో ముందు రాసుకుందాం. మూడేళ్ళకి ఎన్ని స్కూళ్ళు కావాలనుకుంటున్నామో మాట్లాడుకుందాం. దాన్నిబట్టి ఏం కొనాలో, ఏది ముందో, ఏది తర్వాతో తేలుతుంది."

తమ్ముడు భార్య వైపు చూసిన చూపు టేపక్క చూసింది. చిన్నప్పుడు కుట్టుమిషనులో దారం తెగిపోతే, తను ఒక్క చేత్తో సూదిలోకి ఎక్కించినప్పుడు వాడు అలా చూసేవాడు.

అసూయ అని ఆవిడ అనుకోలేదు. షాపులో గాలి ఆడటం లేదనుకుంది. ఫ్యాను తన వైపు తిప్పించుకుంది. రెండు రోజులకి మళ్ళీ యథాస్థానానికి తిప్పించింది.

మరదలు ఒక నోటుపుస్తకం పట్టుకుని నెల రోజులు షాపంతా తిరిగింది. మిషను దగ్గర కూర్చున్నవాళ్ళ పక్కన పీట వేసుకుని కూర్చుని, "ఇది ఎవరిస్తారు మీకు? అయ్యాక ఎక్కడ పెడతారు? తప్పొస్తే ఎలా తెలుస్తుంది?" అని అడిగేది. మొదటి వారం అందరూ నవ్వుకున్నారు. రెండో వారం వాళ్ళే పిలిచి చెప్పడం మొదలుపెట్టారు. ఇన్నేళ్ళలో తమ పని గురించి తమని అడిగినవాళ్ళు లేరు మరి. టేపక్క పని అయ్యిందా అని అడిగేది, ఎలా అయ్యిందని అడిగేది కాదు. కటింగ్ మాస్టారైతే మరదల్ని "మేడం" అన్నారు. ఆయన నాన్న కాలం మనిషి. టేపక్కని ముప్పై రెండేళ్ళుగా "తల్లీ" అనే పిలుస్తున్నారు. ఆ పిలుపు ఆవిడకి ఎప్పుడూ తియ్యగానే ఉండేది. ఆ రోజు మాత్రం ఒక మెట్టు కింద నిలబెట్టి పిలిచినట్టనిపించింది.

తమ్ముడు ఏమడిగినా "తనని అడుగక్కా" అనడం మొదలుపెట్టాడు. గుండీల పెట్టెలు ఎన్ని తెప్పించాలి? తనని అడుగు. స్కూలుకి ఎప్పుడు వెళ్ళాలి? తనని అడుగు. టేపక్క తన స్టూలు కింద, ఎవరికీ కనబడని చోట, ఆ మాట వినబడ్డప్పుడల్లా సుద్దతో ఒక గీత గీసేది. మొదటి రోజు ఏడు గీతలు.

కాజాలు, గుండీలు కుట్టే ఆవిడ అన్నీ చూస్తూనే ఉంది. ఆవిణ్ణి అందరూ కాజాలావిడ అంటారు. సూదికంటే నాలుకే ముందు గుచ్చుతుంది.

"ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. నీ అర్ధం కూడా ఆవిడ పుస్తకంలోకి ఎక్కించేసుకుంటున్నట్టుందే టేపక్కా" అంది ఒక రోజు.

"నీ కాజాలు చూసుకో. నిన్న ఒక చొక్కాకి ఆరు గుండీలు, అయిదు కాజాలు."

"అదీ ఆవిడ రాసుకుందిలే."

చివరికి మరదలు టేపక్క దగ్గరికి కూడా వచ్చింది. పీట మీద కాకుండా నిలబడే అడిగింది. పెద్దావిడ అని గౌరవమో, భయమో.

"వదినా, మీ పని మొదట్నుంచి చివరిదాకా చెప్తారా? రాసుకుంటాను."

"ఏముందమ్మా. కొలుస్తాను. రాస్తాను."

"మధ్యలో ఇంకేమైనా చేస్తారా?"

"పెన్సిలు చెక్కుకుంటాను."

కాజాలావిడ కిసుక్కుమంది. మరదలు నవ్వలేదు. పెన్సిలు అని రాసుకుంది కూడా. "ఇంకేమీ లేదా?" అని మళ్ళీ అడిగింది. టేపక్క టేపు చుట్ట చుట్టి విప్పి, మళ్ళీ చుట్టింది. చెప్పాల్సిన మాట నాలుక చివరే ఉంది. ఇంత సులువుగా, నిలబడి ఉన్న మనిషికి, రెండు ముక్కల్లో ఇచ్చెయ్యడానికి చేతులు రాలేదు.

"లేదు" అంది.

మరో రెండు వారాలకి ప్రణాళిక తయారైంది. ముప్పై పేజీలు, పక్కన చుట్ల వైరు, పైన ప్లాస్టిక్ అట్ట. తమ్ముడు దాన్ని పెళ్ళి ఫొటోల ఆల్బంలా రెండు చేతులతో పట్టుకుని అందరికీ చూపించాడు. మధ్యాహ్నం అందరూ భోజనాలకి లేచాక టేపక్క దాన్ని తీసుకుని, ట్రయల్ గదిలోకి వెళ్ళి తెర లాక్కుని, అద్దం ముందు నిలబడి చదివింది.

బాగా రాసింది. అదే కష్టమైన సంగతి. షాపులో రోజూ జరిగేదే, కానీ వరసగా చదువుతుంటే ఎక్కడ ముడి పడుతోందో తెలుస్తోంది. మొదటి ఏడాది కొలతలూ ఆర్డర్లూ కంప్యూటర్లోకి. ఏ షాపులో తెరిచినా అవే కనబడాలి. రెండో ఏడాది తానుల్లో ఎంత గుడ్డ ఉందో దానికే తెలియాలి. మూడో ఏడాది, బట్టలు తయారయ్యాయని తల్లిదండ్రుల ఫోన్లకి దానంతటదే కబురు వెళ్ళాలి. వారానికొకసారి అంతా ఇంకో చోట నకలు తీసి పెట్టాలి. ఎవరు ఏది మార్చవచ్చు, ఎవరు చూడటం వరకే అన్నదానికో పట్టిక. ఒక సీజనంతా పాత పుస్తకం కూడా పక్కనే నడపాలి.

పదిహేడో పేజీలో ఇంకో పట్టిక ఉంది. 'ఒక్కరికే తెలిసిన పనులు.' మొత్తం పధ్నాలుగు. తొమ్మిదింటి ఎదురుగా 'వదిన' అని ఉంది. పక్క గడిలో, 'వారు రాకపోతే?' దాని కింద తొమ్మిదిసార్లు, 'పని ఆగుతుంది.' టేపక్క వీపు నిటారుగా అయింది. అద్దంలో తనని తాను చూసుకుంది. ఇంకో గడి మిగిలి ఉంది. పైన 'ప్రమాదం' అని, కింద 'ఎక్కువ' అని ఉంది. ఆ కింద పరిష్కారం: 'ఒక సీజన్‌లోగా ఈ వివరాలన్నీ సిస్టంలోకి ఎక్కించాలి.'

తొమ్మిది గళ్ళూ మళ్ళీ లెక్కపెట్టింది. కొలత రాసేటప్పుడు తను చూసే చూపు వాటిలో లేదు. అది పదో గడి. ఆ ఒక్కటీ ఈ అమ్మాయికి దొరకలేదు. టేపక్క అట్ట మూసి, ఎక్కడ తీసిందో అక్కడే పెట్టేసింది.

మర్నాడు పొద్దున కటింగ్ బల్ల చుట్టూ అందరూ కూర్చున్నారు. మరదలు ప్రణాళిక చదువుతోంది, తమ్ముడు మధ్యమధ్యలో తలూపుతున్నాడు. కొత్తగా ఒక స్కూలు దొరికింది. రెండువందల నలభైమంది పిల్లలు. కంప్యూటర్లో నడిచే మొదటి ఆర్డరు అదే.

"ఒక్క సందేహం. పిల్లలు ఎదుగుతారు కదా. దానికి ఎంత వదులుతాం?" అంది మరదలు.

"నాన్న రెండంగుళాలు వదిలేవాడు" అన్నాడు తమ్ముడు.

"ఇప్పుడు ఎవరు కలుపుతున్నారు?"

"నేను కలపను మేడం. పుస్తకంలో ఎంతుంటే అంతే కోస్తాను" అన్నారు మాస్టారు.

అందరూ టేపక్క వైపు తిరిగారు. ఆవిడ బల్ల మీద దారం పోగులు ఏరుతోంది. ఈలోగా తమ్ముడే అందుకున్నాడు.

"అక్కా? అక్క అస్సలు కలపదు. టేపు గింజంత సాగితేనే ముక్కలు చేసే మనిషి. ఉన్నది ఉన్నట్టు రాస్తుంది. ఆ విషయంలో మా అక్కని మించినవాళ్ళు లేరు."

పొగడ్తే. ముప్పై రెండేళ్ళు పక్కనే పెరిగినవాడి పొగడ్త. అక్క ఏం చేస్తుందో వాడికి తెలియదని ఆ ఒక్క మాటతో తేలిపోయింది.

"అంటే ఇన్నాళ్ళూ ఎవరూ కలపడం లేదన్నమాట. సరే, అది కంప్యూటరే చూసుకుంటుంది. పొడవు కొలతలన్నిటికీ రెండంగుళాలు. ఏమంటారు వదినా?" అంది మరదలు.

"మీ ఇష్టం" అంది టేపక్క.

కొత్త స్కూల్లో మూడు రోజులు కొలతలు తీసింది. మామూలుగానే వెనక్కి అడుగు వేసి, చూసి, వచ్చే ఏడాది కొలతే రాసింది. అలవాటు మానుకోలేకపోయింది. మానుకుందామని కూడా అనుకోలేదు. పుస్తకం చూసి మరదలు అంకెలు ఎక్కించింది. మొదటి విడత తొంభైమంది జాబితా అచ్చయి గోడమీదికి వచ్చింది. ప్యాంటు పొడవు ముప్పై ఒకటి, కోయాల్సింది ముప్పై మూడు. నాలుగో తరగతి పొడుగు చేతుల పిల్లవాడికి తను అప్పటికే నాలుగంగుళాలు వేసింది. వాడికి ఇప్పుడు ఆరు.

మాస్టారు సుద్ద తీశారు. ఇప్పుడు చెబితే ఒక్క మాట. గుడ్డ మీద కత్తెర పడలేదు. టేపక్క ఆ కత్తెర వైపే చూస్తూ కూర్చుంది. మొదటి పొర తెగింది. గుడ్డ తెగే చప్పుడు ఆవిడకి చిన్నప్పట్నుంచీ ఇష్టం. ఆ రోజు ఇంకా బాగుంది.

లోపల ఒక ఊహ నడుస్తోంది. బట్టలు స్కూలుకి వెళతాయి. పిల్లలు గుడారాల్లో నిలబడ్డట్టు నిలబడతారు. ప్రిన్సిపాల్ ఫోన్ చేస్తాడు. తమ్ముడి మొహం వాడిపోతుంది. మరదలు ముప్పై పేజీలూ తిరగేసి తప్పెక్కడుందో వెతుకుతుంది. ఎక్కడా కనబడదు. అప్పుడు తమ్ముడు, "అక్కా, నువ్వే చెప్పు" అంటాడు. ఆ ఒక్క మాట కోసం తొంభైమంది పిల్లల్ని నవ్వులపాలు చేసేందుకు ఆవిడ సిద్ధపడింది. తను చేస్తున్నది అదేనని ఆవిడకి తెలుసు. తెలిసే కూర్చుంది.

"ఏంటి టేపక్కా, మొహం ఇవాళ కళకళ్ళాడుతోంది?" అంది కాజాలావిడ.

"ఫ్యాను బాగా తిరుగుతోంది."

బట్టలు వెళ్ళిన మూడో రోజు మధ్యాహ్నం ఫోన్ మోగింది. మరదలు ఎత్తి, ప్రిన్సిపాల్ అని చూసి, అందరికీ వినబడేలా స్పీకరు పెట్టింది. కొత్త స్కూలు కదా, అందరూ చేతులు ఆపారు.

"ఏమ్మా, మీరు ఈసారి భలే పని చేశారు" అంది ఫోను. టేపక్క వేళ్ళు స్టూలు అంచుని పట్టుకున్నాయి. "తల్లులంతా సంతోషంగా ఉన్నారు. వదులుగా కుట్టారు, రెండేళ్ళు వస్తాయి అంటున్నారు. పాత షాపువాడు ఒంటికి అతికించి కుట్టేవాడు. ఒక్క పిల్లాడికి మాత్రం మరీ పొడుగైంది. వాడు ప్యాంటు వేసుకున్నట్టు లేదు, ప్యాంటే వాణ్ణి వేసుకుంది. వాళ్ళమ్మ మడిచి కుట్టుకుంటానంది లెండి."

నవ్వులు. ఫోన్ పెట్టేశాక ఇంకా నవ్వులు. మాస్టారు కూడా నవ్వారు. తమ్ముడు బల్ల మీద చరిచాడు.

"చూశావా అక్కా? రెండంగుళాలు. ఇంత చిన్న విషయం ఇన్నేళ్ళూ మనకి తట్టలేదు."

తిట్లయితే ఆవిడ భరించేది. తిట్లు తనకి కాదు కదా. ఇది అలాంటిది కాదు. అంగుళమా, మూడా, నాలుగా అని ముప్పై రెండేళ్ళు ఒక్కో పిల్లనీ చూసి చూసి వేసిన అంకె మీద ఎవరో గుడ్డిగా రెండు పడేస్తే, ఒక్క తల్లికీ తేడా తెలియలేదు. పైగా బాగుందన్నారు. ఆ పేరు మరదలికి పోయింది. తన చూపు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే అన్నట్టయింది.

"తట్టకపోవడమేంటి?" అంది. గొంతు తనకే కొత్తగా వినబడింది. "ఆ ఎదుగుదల నేనెప్పుడో వేశాను."

"ఏమేశావు?"

"రాసేటప్పుడే వేస్తాను. ప్రతి పిల్లకీ. మీ రెండంగుళాలు దాని మీద పడ్డాయి."

మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. మరదలు లేచి పుస్తకం తెచ్చి ఆవిడ ముందు పెట్టింది.

"అయితే ఇందులో ఉన్నది కొలత కాదా వదినా?"

"కొలతే. వచ్చే ఏడాది కొలత."

"అన్నీనా?"

"అన్నీ. ముప్పై రెండేళ్ళవి."

మాస్టారు కత్తెర బల్ల మీద పెట్టి, తెగిపోయిన తానుల వైపు చూశారు. ఆవిడ అటు చూడకుండానే చెప్పింది. "తొంభైమందికి, ప్యాంటుకి రెండు, చొక్కాకి రెండు. ఒక్కో రంగులో అయిదు గజాలు ఎక్కువ తెగింది. చివర్లో అయిదుగురు చిన్నపిల్లలకి గుడ్డ చాలదు. అదే రంగు మళ్ళీ రావాలంటే మిల్లు నుంచి నెల పడుతుంది. స్కూలు పన్నెండు రోజుల్లో తెరుస్తారు."

అంటే లెక్క ముందే వేసుకుంది. అది అందరికీ అర్థమైంది. తమ్ముడికి చివర్న అర్థమైంది.

"అక్కా, కావాలనే చెప్పలేదా?"

కాజాలావిడ కూడా తలెత్తలేదు.

"కావాలనే" అంది టేపక్క.

తమ్ముడు చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. ఎవరిమీదా కేకలు వెయ్యలేదు. వేసి ఉంటే నయంగా ఉండేదని ఆవిడ తర్వాత అంది. మరదలు మాత్రం వెళ్ళలేదు. ఆ అమ్మాయి చెవులు ఎర్రబడ్డాయి.

"నేను మీ దగ్గరికొచ్చి అడిగాను. రెండుసార్లు అడిగాను. ఆ రోజు మీటింగులో మళ్ళీ అడిగాను. మీరు దారం పోగులు ఏరుకుంటూ కూర్చున్నారు."

"నువ్వు నన్ను ప్రమాదం అని రాశావు."

మరదలు ఒక్క క్షణం ఏమీ అర్థం కానట్టు చూసింది. తర్వాత అర్థమైంది.

"పదిహేడో పేజీ చదివారా?"

"చదవడం వచ్చమ్మా నాకు."

"మీరు ప్రమాదం అని కాదు వదినా. మీరు లేకపోతే ప్రమాదం అని." ఆగింది. ఇక దాచి లాభం లేదనుకుందో ఏమో, మాట వేగం పెరిగింది. "అయినా మీకేం తెలుసు. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆయన నోట రోజూ ఒకటే మాట. కూర వండితే మా అక్క అయితే ఇలా. చొక్కా మడిస్తే మా అక్క అయితే అలా. తాళం పోతే మా అక్కకి పోదు. ముప్పై పేజీలు ఎందుకు రాశాననుకున్నారు? ఒక్క పనైనా ఈ షాపులో మీకు రానిది నేను చెయ్యాలని."

"ఇంట్లో అంటాడా?" అంది టేపక్క.

"అనకుండా అన్నం తినరు."

"ఎన్నిసార్లు?"

"లెక్కపెట్టలేదు."

టేపక్క లోపల ఎక్కడో వేడి తగిలింది. ఆ సంతోషం మంచిది కాదని ఆవిడకి తెలుసు. మొహం అటు తిప్పుకుని, మాస్టార్ని పిలిచి, బల్ల కింద ఉన్న ముక్కల సంచులన్నీ బయటికి తీయించింది.

అయిదు రోజులు పట్టింది. చిన్నపిల్లలు కాబట్టి ప్యాంటు ముందు భాగాలు పెద్ద ముక్కల్లోంచి వచ్చాయి. నడుం పట్టీ లోపలి వైపుకీ జేబులకీ వేరే గుడ్డ వేశారు. ఒక చొక్కాకి వీపులో అతుకు పడింది. ఆ అతుకుని భుజం పైకి జరిపి, స్కూలు మోడలే అలా ఉంటుందేమో అన్నట్టు కుట్టింది. రెండో విడత నూటయాభైమందికి పుస్తకంలో ఉన్నదే కోశారు. ఆ అయిదు రోజులూ తమ్ముడు అక్కతో పనికి సంబంధించిన మాటలే మాట్లాడాడు. ఆరో రోజు "టీ తాగావా అక్కా?" అన్నాడు. అంతే. ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

పొడుగు చేతుల పిల్లవాడి ప్యాంటు సరిచెయ్యడానికి వాళ్ళింటికి ఆవిడే వెళ్ళింది. నాలుగంగుళాలు చాలని, రెండు విప్పి మడుస్తానని ఆ తల్లికి చెప్పింది. "ఉంచండమ్మా, ఎటూ ఎదుగుతాడు" అందామె. "ఎదుగుతాడు, కానీ అంత ఎదగడు" అని టేపక్క గుమ్మంలోనే కూర్చుని విప్పి మడిచి కుట్టి వచ్చింది. ఇది కూడా అసూయే కావచ్చు. ఎవరిదో అంకె తన అంకె మీద కూర్చోవడం ఆవిడకి పడలేదు.

మరదలు ప్రణాళిక మార్చింది. రెండంగుళాలు తీసేసింది. ఒక గడి ఉన్నచోట రెండు పెట్టింది. మొదటిది టేపు చూపించిన కొలత, రెండోది రాబోయే కొలత. పేజీ పదిహేడులో 'వదిన' పేరున పదో వరస చేరింది. దాని ఎదురుగా ఉన్న గడి నింపడానికి మూడు నెలలు ఆడబిడ్డ పక్కన కూర్చుంది. ఈసారి పీట తెచ్చుకుంది.

"ఈ పాపకి మూడెందుకు వేశారు వదినా?"

"పాదం చూడు. పాదం ముందు పరిగెడుతుంది, ఒళ్ళు వెనకాల వస్తుంది."

"వాడికి అంగుళమే వేశారు, ఎత్తుగానే ఉన్నాడుగా?"

"ఎత్తుగా ఉన్నాడు కాబట్టే. వాడి ఎదుగుదల నిరుడే అయిపోయింది. పాత ప్యాంటు అంచు చూశావా, విప్పిన గీతలు రెండున్నాయి."

అలా ఒక్కొక్కటే. మణికట్టు, ముందు పళ్ళు, బూటు ముందు భాగం అరుగుదల, తల్లి చెయ్యి. మొత్తం పదకొండు గుర్తులు మరదలు రాసుకుని, వరస పెట్టి, పన్నెండో తరగతి చదివిన ఎవరైనా వాడగలిగేలా చేసింది. రెండో షాపులో కొలతలు తీసే అమ్మాయి వాటితో నూటికి ఎనభై దాకా సరిగ్గానే రాస్తోందని మరదలు ఒక రోజు మెచ్చుకుంది. "ఎనభయ్యా" అంది టేపక్క, విచారంగా కాదు. పదకొండు చెప్పింది. పన్నెండోది ఒకటుందని నాకు చెప్పింది గానీ అదేమిటో నాకూ చెప్పలేదు. మరదలికి అనుమానం ఉంది. ప్రణాళికలో పదో వరసకి ఇంకా 'పూర్తయింది' అని రాయలేదు.

టేపక్కకిప్పుడు యాభై నాలుగేళ్ళు. షాపులు మూడయ్యాయి. సోమ, గురువారాలు మూడో షాపులో కూర్చుంటుంది, మిగతా రోజులు పాత షాపులోనే. రాబోయే కొలత వేసే ఆ రెండో గడిలో అంకె మార్చే అధికారం ఆవిడకీ మరదలికీ మాత్రమే ఉంది. ఎవరి పాస్‌వర్డు వాళ్ళదే.